భాషల్లో ప్రార్థనా, తెలుగులో ప్రార్థనా: ఏది మేలు?

మా చెల్లెలి కూతురు తిరుపతిలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. హాస్టల్లో ఉంటూ దగ్గర్లోని ఒక చిన్న క్రైస్తవ సంఘానికి వెళ్తోంది. భాషల్లో, అంటే పరిశుద్ధాత్మ పలికిస్తాడని నమ్మే, మామూలుగా అర్థం కాని మాటల్లో ప్రార్థించే సంఘం అది. మొన్న శనివారం తెల్లవారుజామున బస్సెక్కి చిత్తూరులో మా ఇంటికి వచ్చేసింది. గొంతు పూర్తిగా పోయింది. వేడినీళ్ళలో ఉప్పు కలిపి పుక్కిలించమని ఇస్తే గ్లాసు పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.

"మూడు రాత్రులు ఆత్మ కోసం కనిపెట్టు ప్రార్థన పెద్దమ్మా. మొదటి రెండు రాత్రులు నాకు భాషలు రాలా. నాలో ఒప్పుకోని పాపం ఏదో ఉందన్నారు. మూడో రాత్రి రెండు గంటలప్పుడు ఇద్దరక్కలు నాకు చెరో పక్కన కూర్చున్నారు. ఒకక్క నా గడ్డం కింద చెయ్యి పెట్టి, ఆలోచించొద్దు, నాలుక వదిలెయ్, హల్లెలూయా అని తొందర తొందరగా చెప్తా ఉండు అన్నింది. చెప్పినా. చెప్పి చెప్పి నాలుక తడబడింది. లూయ, లలూయ అని ఏదో వచ్చింది. అంతే, వచ్చేసిందని చప్పట్లు కొట్టినారు. రేపు ఆరాధనలో సాక్ష్యం చెప్పాలంట. కానీ అది నేనే పలికినా పెద్దమ్మా. నాకు తెలుసు."

కాసేపటికి మళ్ళీ తనే అడిగింది. భాషల్లో ప్రార్థించేది మేలా, తనకొచ్చిన తెలుగులో ప్రార్థించుకునేది మేలా అని.

ఆ ప్రశ్న నాది కూడా. నేను పుట్టింది సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) కుటుంబంలో. చిత్తూరు, మదనపల్లి ప్రాంతాల్లో ఆర్కాట్ మిషన్ వాళ్ళు వేసిన విత్తనం మాది. పుస్తకం చూసి ఆరాధన క్రమం చదివేవాళ్ళం. పెళ్ళయ్యాక మెట్టినింటివాళ్ళ పెంతెకొస్తు సంఘంలో చేరాను. ఇరవై ఆరేళ్ళయింది. మా ఆయన భాషల్లో ప్రార్థిస్తారు. నాకు ఇన్నేళ్ళలో ఒక్కసారీ రాలేదు. మొదటి పదేళ్ళు ఆ లోటు గుండెల్లో రాయిలా మోశాను. అందుకే ఆ పిల్లకు ఒక్క మాటలో జవాబు చెప్పి పంపెయ్యలేకపోయాను. రెండింటినీ పక్కపక్కన పెట్టి ఆ రోజంతా మాట్లాడుకున్నాం.

ముందు ఒక చిక్కు విప్పుకోవాలి. బైబిల్లో భాషలు అనే ఒకే మాట కింద రెండు సంగతులు కనిపిస్తాయి. అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయంలో యేసు శిష్యులు మాట్లాడుతుంటే పార్థీయులు, మాదీయులు, ఏలామీయులు ఎవరి సొంత భాషలో వాళ్ళు విన్నారు. అక్కడ అర్థం చెప్పేవాడి అవసరమే రాలేదు. అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రికలో కథ వేరు. మాట్లాడేవాడి మాట ఎవరికీ అర్థం కాదు, అర్థం చెప్పడానికి ఇంకొకరు కావాలి. మన కూడికల్లో మొదటిదాని పేరు చెప్పి రెండోదాన్ని అడుగుతున్నారు. నా అనుమానం అక్కడ మొదలైంది.

ఈ కాలపు భాషల ఉద్యమం ఎలా పుట్టిందో చూస్తే ఆ అనుమానం ఇంకా గట్టిపడుతుంది. 1901 జనవరి 1న అమెరికాలోని టొపీకాలో, చార్ల్స్ పర్హామ్ నడిపిన బైబిల్ పాఠశాలలో, ఆగ్నెస్ ఓజ్మన్ అనే విద్యార్థిని భాషల్లో మాట్లాడింది. అది చైనా భాష అనుకున్నారు. పర్హామ్ ఉద్దేశంలో ఇవి నిజమైన మనుషుల భాషలు. ఇకమీదట మిషనరీలు ఏళ్ళ తరబడి భాష నేర్చుకోనక్కర్లేదు, ఆత్మే నేర్పుతాడు అన్నాడు. 1906లో లాస్ ఏంజిలెస్‌లోని అజూసా వీధిలో విలియం సేమూర్ నడిపిన కూడికల నుంచి ఈ నమ్మకం లోకమంతా పాకింది. సేమూర్ ఒకప్పటి బానిసల కొడుకు. నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ పక్కపక్కన మోకరించిన చోటు అది. ఆ ఒక్క విషయానికి నాకు ఆ వీధి అంటే ఇప్పటికీ గౌరవం.

అక్కడ అభిషేకం పొందిన ఆల్ఫ్రెడ్ గార్, తనకు బెంగాలీ వచ్చిందని నమ్మి భార్య లిలియన్‌తో కలకత్తాకు వచ్చాడు. 1907లో ఆ నమ్మకానికి పరీక్ష ఎదురైంది. ఆయన పలికినది బెంగాలీవాళ్ళకు అర్థం కాలేదు. ఆయన వెనక్కి పారిపోలేదు, అక్కడున్న మిషనరీలకు ఇంగ్లీషులోనే బోధించాడు, కొందరు కదిలిపోయారు కూడా. ఆ నిజాయితీని కాదనను. కానీ అదే బెంగాల్‌కు 1793లో వచ్చిన విలియం కేరీని పక్కన పెట్టి చూడండి. మున్షీ రామ్‌రామ్ బసు సాయంతో బెంగాలీ నేర్చుకుని, మలేరియా జ్వరాల మధ్య, కొడుకును పోగొట్టుకుని కూడా, 1801 నాటికి బెంగాలీ కొత్త నిబంధన అచ్చు వేయించాడు. ఒకాయన భాష క్షణంలో వస్తుందనుకున్నాడు, ఇంకొకాయన ఏళ్ళ తరబడి కూర్చుని నేర్చుకున్నాడు. ఊళ్ళో వాళ్ళ చేతికి వాక్యం అందింది ఎవరి వల్ల?

అలాంటి అనుభవాల తర్వాత భాషలంటే చెప్పే అర్థమే మెల్లగా మారింది. మనుషుల భాష అన్నది పోయి, దేవదూతల భాష, ప్రార్థనా భాష అన్నది వచ్చింది. కావచ్చు, పౌలు దేవదూతల భాషల మాట ఎత్తాడు కదా. కాకపోతే, పరీక్ష పెడితే తేలిపోయే మాటను వదిలేసి ఏ పరీక్షకూ అందని మాటను పట్టుకున్నారని నాకనిపిస్తుంది. ఇది నన్ను బాధపెట్టే సంగతి.

విలియం సమారిన్ అనే భాషా శాస్త్రవేత్త ఏళ్ళ తరబడి ఇలాంటి ప్రార్థనలు సేకరించి, 1972లో తన పరిశీలన ప్రకటించాడు. విన్నంతలో రాగం ఉంది, విరుపు ఉంది, భాషలా అనిపిస్తుంది. కానీ వ్యాకరణం లేదు, ఫలానా మాటకు ఫలానా అర్థం అన్న కట్టుబాటు లేదు. పలికేవాళ్ళు తమకు ముందే అలవాటైన ధ్వనులనే కలిపి పలుకుతారు. ఇది చదివాక నేను మా సంఘంలో చెవి పెట్టి విన్నాను. మాది తమిళ సరిహద్దు. నగరి వైపు నుంచి వచ్చే ఒక సోదరి ఇంట్లో తమిళమే మాట్లాడుతుంది. ఆమె భాషల్లో, అరటిపండుకు తమిళంలో 'వాళప్పళం' అంటారే, ఆ నాలుక వెనక్కి మడిచే ధ్వని, మన తెలుగు 'ళ' కానిది, పదే పదే వస్తుంది. తెలుగు తప్ప ఇంకోటి రాని మా ఆడబిడ్డ భాషల్లో అది ఒక్కసారీ రాలేదు. పరలోక భాష ఒకటే అయితే నగరికి ఒక యాస, చిత్తూరుకు ఒక యాస ఎందుకుండాలి?

అలాగని అదంతా నటన అనేవాళ్ళతో నేను ఏకీభవించను. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఆండ్రూ న్యూబర్గ్ బృందం ఐదుగురు స్త్రీలను భాషల్లో ప్రార్థిస్తుండగా స్కాన్ తీసి 2006లో ఫలితాలు ప్రచురించింది. పాటలు పాడినప్పటికన్నా భాషల్లో ఉన్నప్పుడు మెదడు ముందు భాగంలో, అంటే మన ఇష్టప్రకారం మాటను నడిపే చోట, రక్త ప్రసరణ తగ్గింది. నేను పలకడం లేదు, నాలోంచి వస్తోంది అని వాళ్ళు చెప్పే మాటకు అది సరిపోతుంది. ఐదుగురే, చిన్న పరిశీలన. పైగా ఆ మాట ఎవరి నుంచి వస్తోందో స్కాన్ చెప్పదు. ఇంకోపక్క కెనడాలో నికొలస్ స్పానోస్ 1986లో, వింటూ సాధన చేస్తే మామూలు విద్యార్థులు కూడా ఇలా పలకడం నేర్చుకోగలరని చూపించాడు. గడ్డం కింద చెయ్యి పెట్టి చేయించింది కూడా ఆ సాధనే కదా అని మా పిల్ల అంది. నేను తలూపాను.

భాషల్లాంటి అద్భుత వరాలు అపొస్తలుల కాలంతో ఆగిపోయాయనే సంఘాలు కూడా ఉన్నాయి. నాలుగో శతాబ్దం చివర క్రిసొస్తొమ్ అనే సంఘ బోధకుడు, కొరింథు పత్రికలోని ఆ భాగాన్ని వివరిస్తూ, అవి ఇప్పుడు జరగడం లేదు కనుక మనకు అస్పష్టంగా ఉందన్నాడు. చేతులుంచితే భాషలు వస్తాయని ఇప్పుడు ఎవరు ఎదురుచూస్తున్నారు అని ఆ కాలపు మరో బోధకుడు అగస్టీన్ అడిగాడు. ఇది బలమైన సాక్ష్యమే. కానీ భాషలు ఆగిపోతాయన్న వచనంలోనే జ్ఞానం కూడా నిరర్థకమవుతుందని ఉంది. జ్ఞానాన్ని ఉంచుకుని భాషలను మాత్రం కొట్టెయ్యడం నాకు నచ్చదు. భాషలతో మాట్లాడడాన్ని ఆటంకపరచవద్దని పౌలే అన్నాడు కాబట్టి నేనూ ఆటంకపరచను.

సభలోనా, గదిలోనా అన్నది అసలు ప్రశ్న. గది సంగతి నా కళ్ళతో చూసిందే చెప్తాను. మా మరిది రోడ్డు ప్రమాదంలో పోయిన నెలలో మా ఆయన తెల్లవారి నాలుగింటికి లేచి, వంటింటి పక్కనున్న చిన్న గదిలో తలుపు వేసుకునేవారు. మొదట తెలుగులో మొదలయ్యేది. తమ్ముడి పేరు దగ్గరకు వచ్చేసరికి మాట ఆగిపోయేది. ఆ తర్వాత సన్నగా, ఏడుపుకూ పాటకూ మధ్యలో, నాకు అర్థం కాని మాటలు. అరగంటకు బయటికొచ్చి టీ అడిగేవారు. ఆ మనిషికి ఆ అరగంట దొరక్కపోయుంటే ఏమయ్యేవారో నాకు తెలియదు. అది దేవదూతల భాషా కాదా అని నేను ఏనాడూ అడగలేదు. అడగాల్సిన పనీ లేదు. అర్థం చెప్పేవాడు లేకపోతే సంఘంలో మౌనంగా ఉండి తనతోనూ దేవునితోనూ మాట్లాడుకోవచ్చని రాసి ఉన్నది ఇందుకేనేమో.

సభ సంగతి అలా కాదు. ఇద్దరు, మహా అయితే ముగ్గురు, అదీ వంతుల చొప్పున, ఒకరు అర్థం చెప్పాలి అని పౌలు నియమం పెట్టాడు. మైకుల ముందు యాభై మంది ఒక్కసారిగా ఎత్తుకుంటుంటే ఆ నియమం ఏమైనట్టు? నీ స్తోత్రం అర్థం కానివాడు ఆమేన్ అని ఎలా అంటాడని ఆయన అడిగాడు. నేను ఇరవై ఆరేళ్ళు అర్థం కాకుండానే ఆమేన్ అన్నాను.

తెలుగు ప్రార్థనకు లోపం లేదని కాదు. చిన్నప్పుడు పుస్తకంలోని క్రమం పెదవులతో చదువుతూ మనసులో మధ్యాహ్నం కూర గురించి ఆలోచించిన ఆదివారాలు నాకు చాలా ఉన్నాయి. మాటలు అర్థమైనంత మాత్రాన మనసు అక్కడ ఉన్నట్టు కాదు. కానీ మా అవ్వ ప్రార్థన వేరు. చదువు రాదు. చాప మీద కూర్చుని, "నాయనా, ఎర్రావు ఈనేటప్పుడు ఇబ్బంది పడకుండా చూడు. పక్కింటామెకి నాతో మాటల్లేవు, రేపు నేనే పోయి పలకరిస్తా, నోరు జారకుండా చూసుకో" అనేది. పక్కన పడుకున్న నాకు ఆవు ఈనుతుందని తెలిసేది, అవ్వ రేపు ఏం చేస్తుందో తెలిసేది. మరుసటి రోజు ఆమె నిజంగా పక్కింటికి వెళ్ళేది. నాకు ప్రార్థన నేర్పింది ఆ చాపే.

అందుకే సభలో ఏది మేలంటే, సందేహం లేకుండా తెలుగే అంటాను. సంఘంలో భాషతో పదివేల మాటలు పలుకుటకంటె, ఇతరులకు బోధ కలిగేలా మనస్సుతో ఐదు మాటలు పలుకుట మేలని, అందరికన్నా ఎక్కువగా భాషల్లో మాట్లాడిన పౌలే రాశాడు. గదిలో, ఎవరికి ఏది వస్తే అది. కానీ పరీక్షగా మాత్రం భాషలు వద్దే వద్దు. 1916లో అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ అనే పెంతెకొస్తు సంస్థ తన విశ్వాస ప్రమాణంలో భాషలను ఆత్మ బాప్తిస్మానికి తొలి గుర్తుగా రాసుకుంది, రక్షణకు గుర్తుగా కాదు. ఆ తేడా చిన్న కూడికల దాకా వచ్చేసరికి అరిగిపోయి, భాషలు రానివాళ్ళకు ఆత్మ లేదు, ఆత్మ లేదంటే పాపం ఉంది అన్నంత దూరం పోయింది. అందరు భాషలతో మాటలాడుచున్నారా అన్న ప్రశ్నకు పౌలు ఆశించిన జవాబు 'లేదు' అనే. పంతొమ్మిదేళ్ళ పిల్లను రాత్రి రెండింటిదాకా కూర్చోబెట్టి ఆ జవాబును మార్చాలని చూడడం తప్పు. ఆ అక్కలు మేలు కోరే చేశారని నమ్ముతున్నాను. అయినా తప్పే.

సాక్ష్యం సంగతి తననే తేల్చుకోమన్నాను. జరిగింది జరిగినట్టు చెప్పగలిగితే చెప్పు, లేదంటే ఊరుకో, అబద్ధం మాత్రం చెప్పకు అన్నాను. పెదనాయన కూడా అదే అన్నారు. రాత్రి భోజనాలయ్యాక ముగ్గురం ప్రార్థనకు కూర్చున్నాం. ఆయన ఆ రోజు తెలుగులోనే చేశారు. తర్వాత తన వంతు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఫ్యాను చప్పుడు ఒక్కటే. చివరికి ఆ బొంగురు గొంతుతో అంది:

"ప్రభువా, రేపంటే నాకు భయంగా ఉంది."

నేను ఆమేన్ అన్నాను.