సైట్ ఎక్కించేముందు వ్యాలిడేటర్: ఏళ్లపాటు వాడాక

ఫంక్షన్ హాళ్లకీ, కోచింగ్ సెంటర్లకీ, ఒక తెలుగు పత్రికకీ సైట్లు చేసిపెడుతుంటాను. ఏది చేసినా సర్వర్‌కి ఎక్కించేముందు డబ్ల్యూ3సీ (వెబ్ ప్రమాణాలు రూపొందించే సంస్థ) వారి వ్యాలిడేటర్‌లో, అంటే పేజీ కోడ్‌లో తప్పులు వెతికిపెట్టే సాధనంలో, ఒకసారి వేసి చూస్తాను. డబ్బు కట్టక్కర్లేదు, లాగిన్ అడగదు. పేజీ అడ్రస్ ఇవ్వొచ్చు, ఫైలు అప్‌లోడ్ చేయొచ్చు, లేదా కోడ్ మొత్తం కాపీ కొట్టి అతికించొచ్చు. ఇప్పటి హెచ్‌టీఎమ్‌ఎల్ (వెబ్ పేజీలు రాసే కోడ్ భాష) పేజీలను లోపల అసలు చూసిపెట్టేది నూ హెచ్‌టీఎమ్‌ఎల్ చెకర్ అనే ప్రోగ్రాం. నా లెక్కలో ఇది తప్పకుండా వాడాల్సిన సాధనమే. కాకపోతే అది చెప్పే ప్రతి మాటా పట్టించుకోనక్కర్లేదు.

కోడ్ తప్పయితే పేజీ కనబడదు కదా, మళ్లీ ఈ పరీక్ష దేనికని కొత్తవాళ్లు అడుగుతారు. కనబడుతుంది, చిక్కంతా అక్కడే. తప్పు కోడ్ ఎదురైతే ఎలా సర్దుకోవాలో కూడా హెచ్‌టీఎమ్‌ఎల్5 ప్రమాణంలోనే రాసిపెట్టారు. క్రోమ్ అయినా ఫైర్‌ఫాక్స్ అయినా ఒకే తీరున సర్దేసి ఊరుకుంటాయి. ఉదాహరణకి పేరా ట్యాగ్ (పేరా మొదలైందని చెప్పే గుర్తు, కోడ్‌లో పీ) తెరిచి, రెండు వాక్యాలు రాసి, అందులోనే యూఎల్ లిస్టు పెట్టి, చివర పేరా మూశారనుకోండి. లిస్టు మొదలయ్యే చోటే బ్రౌజర్ ఆ పేరాను తనంతట తాను మూసేస్తుంది. పేరాకి ఇచ్చిన రంగూ, అక్షరాల సైజూ లిస్టుకి అందవు. మనం రంగులూ సైజులూ రాసే సీఎస్ఎస్ ఫైలు ముందేసుకుని గంటసేపు బుర్ర గోక్కుంటాం. వ్యాలిడేటర్‌లో వేస్తే, తెరిచి ఉన్న పీ ఏదీ లేకుండానే పీ మూసే ట్యాగ్ వచ్చిందని లైను నంబరుతో సహా చెప్పేస్తుంది. మొదటిసారి చదివినవాళ్లకి ‘పైన తెరిచాను కదా, కళ్లు కనబడట్లేదా దీనికి’ అనిపిస్తుంది. అది చూపే లైను ఎప్పుడూ తప్పు బయటపడిన చోటు. అసలు కారణం సాధారణంగా దానికి పైన ఎక్కడో ఉంటుంది. ఈ ఒక్క సంగతి అర్థమైతే దాని మెసేజ్‌లతో సగం పేచీ తీరిపోతుంది.

నాకు ఎక్కువగా అక్కరకొచ్చింది డూప్లికేట్ ఐడీ ఎర్రర్, అంటే పేజీలో ఒక్కదానికే ఉండాల్సిన గుర్తింపు పేరు రెండింటికి ఉందని చెప్పేది. ఒక కోచింగ్ సెంటర్ పేజీలో పైన అడ్మిషన్ ఫారం, కింద ‘మాకు కాల్ చేయండి’ ఫారం. రెండింటిలోనూ ఫోన్ నంబరు గడికి ఒకటే ఐడీ. చూడటానికి రెండూ బాగానే ఉన్నాయి. కింది ఫారంలో ‘ఫోన్ నంబరు’ అన్న లేబుల్ మీద వేలు పెడితే మాత్రం పేజీ గబుక్కున పైకి ఎగిరి, కర్సర్ మొదటి ఫారంలో నిలబడుతుంది. ఎందుకంటే ఒకే ఐడీ రెండు చోట్ల ఉంటే లేబుల్ మొదటిదాన్నే పట్టుకుంటుంది. జావాస్క్రిప్ట్‌లో ఐడీతో వెతికినా అంతే. ఇలాంటివి కంటితో చూసి పట్టుకోవడం కష్టం.

తెలుగు పేజీలు చేసేవాళ్లకి ఇందులో రెండు మంచి సంగతులున్నాయి. రెడీమేడ్ థీముల్లో చాలావరకు, పేజీ ఏ భాషలో ఉందో చెప్పే లాంగ్ దగ్గర ఇంగ్లిష్ కోడే ఉంటుంది, ఎవరూ మార్చరు. పేజీలో సరిపడా మాటలుంటే చెకర్ అది ఏ భాషో అంచనా కట్టి, లాంగ్ మార్చుకోమని వార్నింగ్ ఇస్తుంది. తెరమీది మాటలు పైకి చదివే స్క్రీన్ రీడర్ ఏ భాష గొంతుతో చదవాలో నిర్ణయించుకునేది దాన్నిబట్టే కాబట్టి ఇది చిన్న విషయం కాదు. రెండోది అక్షరాలకి కోడ్‌లిచ్చే యూనికోడ్‌ది. ‘హై’లో ఉన్న ఐత్వానికి ఒకే కోడ్ ఉంది, ఎత్వమూ దాని కింది తోకా విడివిడిగా రెండు కోడ్‌లుగానూ రావచ్చు. తెరమీద తేడా కనబడదు గానీ, అక్షరానికి అక్షరం పోల్చే సెర్చ్‌లో ‘హైదరాబాద్’ అని కొడితే ఆ రెండో రకం దొరకదు. పీడీఎఫ్‌ల నుంచి లాగిన పాత వ్యాసాలు ఎక్కించేటప్పుడు చూసుకోవాల్సింది ఇదే. అలాంటి చోట, రాసిన మాటలు ఎన్ఎఫ్‌సీ రూపంలో (ఇలాంటి విడి కోడ్‌లని కలిపి ఒకే కోడ్‌గా రాసే పద్ధతి) లేవని చెకర్ హెచ్చరిస్తుంది.

ఇక విసిగించేవి. ఇమేజ్, బీఆర్ లాంటి ట్యాగ్‌ల చివర స్లాష్ ఉంటే ఒక్కోదానికీ ఒక్కో సమాచార మెసేజ్ పెడుతుంది. థీములూ ప్లగిన్‌లూ ఇవి కుప్పలు తెప్పలుగా రాస్తాయి కాబట్టి అసలు ఎర్రర్ ఆ వరదలో కొట్టుకుపోతుంది. మెసేజ్ ఫిల్టరింగ్ నొక్కి వీటిని తీసేయడం మొదటి పని. ఒక డివ్ (పేజీలో ఒక భాగాన్ని చుట్టే ట్యాగ్) మూయకపోతే దాని పుణ్యాన కింద ఇంకో నాలుగు ఎర్రర్లు పుడతాయి, అందుకని మొదటిది సరిచేసి మళ్లీ చూసుకోవాలి. బొమ్మకి ఆల్ట్ (బొమ్మకి బదులుగా రాసే వివరణ) లేకపోతే అరుస్తుంది గానీ, ఆల్ట్‌లో ‘ఫోటో’ అని రాస్తే సరేనంటుంది. ఇమేజ్ రిపోర్ట్ అనే టిక్ పెడితే బొమ్మలూ వాటి ఆల్ట్‌లూ వరసగా చూపిస్తుంది, దాన్ని మనమే చదువుకోవాలి. తెగిపోయిన లింకుల సంగతి దీనికి పట్టదు, దానికి డబ్ల్యూ3సీదే వేరే లింక్ చెకర్ ఉంది.

రియాక్ట్‌తో (పేజీని బ్రౌజర్‌లోనే జావాస్క్రిప్ట్‌తో నింపే సాధనం) కట్టిన పేజీలకి అడ్రస్ ఇచ్చి చూడటం చాలాసార్లు దండగ. సర్వర్ పంపిన ఖాళీ డొక్కునే చూసి బాగుందంటుంది. డెవలపర్ టూల్స్‌లోంచి కోడ్ కాపీ చేసి వేద్దామంటే, అది బ్రౌజర్ అప్పటికే సర్దేసిన కోడ్. మూయని ట్యాగ్‌ల జాడ అందులో ఉండదు. డూప్లికేట్ ఐడీలు, ఆల్ట్ లేని బొమ్మలు మాత్రం దొరుకుతాయి.

కొన్నాళ్లుగా వెబ్‌సైట్‌కి వెళ్లడం తగ్గించేశాను. ఇదే చెకర్ జావా జార్ ఫైలుగా దొరుకుతుంది. దాన్ని కంప్యూటర్లో పెట్టుకుని, ఎర్రర్లు మాత్రమే చూపమని ఆప్షన్ ఇచ్చి, ఫోల్డర్ మొత్తం మీద ఒకేసారి నడుపుతాను. క్లయింట్ కోడ్ బయటికి పంపే అవసరమూ లేదు.

‘ఎర్రర్లన్నీ పోతే గూగుల్‌లో పైకొస్తామా’ అని అడిగే క్లయింట్లకి రామని ముందే చెప్పేస్తాను. వైకల్యం ఉన్నవాళ్లు కూడా సైట్లు వాడుకోగలిగేలా డబ్ల్యూ3సీ ఇచ్చే మార్గదర్శకాల్లో, 2023 అక్టోబరులో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 కూడా కోడ్ వ్యాకరణం గురించిన 4.1.1 నియమాన్ని తీసేసింది. ప్లగిన్ రాసిన తప్పుల్లో ఫారంకీ, మెనూకీ తగిలేవి ఉంటే వెంటపడి సరిచేయిస్తాను. మిగతావాటిని అలాగే వదిలేసి ఎక్కించేస్తాను.