మేడ మీద సోలార్: ఆన్‌గ్రిడ్డా, బ్యాటరీలతోనా?

ఆన్‌గ్రిడ్ అయితే, అంటే ఊరి కరెంటు లైనుతో (గ్రిడ్‌తో) కలిపిన సోలార్ అయితే, పగలు మనం వాడుకోగా మిగిలిన కరెంటు నెట్ మీటర్ గుండా లైన్లోకి పోతుంది. రాత్రి మనం వాడిన యూనిట్లలోంచి దాన్ని తీసేసి బిల్లు వేస్తారు. 3 కిలోవాట్లు పెడితే మన ఎండలకు రోజుకు సుమారు 12 యూనిట్లు వస్తాయి. 2024లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పథకం పీఎం సూర్యఘర్ కింద దానికి 78,000 రూపాయల సబ్సిడీ ఉంది.

చాలామందికి పెట్టించుకున్నాక గానీ తెలియని సంగతొకటుంది. లైన్లో కరెంటు పోతే, మిట్టమధ్యాహ్నం ఎండ మండుతున్నా సరే, ఆన్‌గ్రిడ్ ఆగిపోతుంది. స్తంభమెక్కిన లైన్‌మన్‌కు మన ఇంటి కరెంటు షాక్ కొట్టకూడదని ఆ ఏర్పాటు. అది ఉండి తీరాల్సిందే.

బ్యాటరీలతో నడిచే ఆఫ్‌గ్రిడ్‌లో కరెంటు పోయినా ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. కానీ గ్రిడ్‌తో కలవదు కాబట్టి ఆ సబ్సిడీ రాదు. ట్యూబులర్ బ్యాటరీలైతే డిస్టిల్డ్ వాటర్ పోస్తుండాలి, కొన్నేళ్లకు కొత్తవి కొనాలి. పైగా బ్యాటరీ నిండాక కాసిన ఎండంతా వృథా!

కోతలు తక్కువున్న ఊళ్లో నేనైతే కళ్లు మూసుకుని ఆన్‌గ్రిడ్డే పెట్టించుకోమంటాను. ఇంట్లో ఆక్సిజన్ మిషన్ మీద ఉన్న పెద్దవాళ్లుంటే మాత్రం ఖర్చుకు వెనకాడకుండా రెండూ కలిసిన హైబ్రిడ్‌కు వెళ్లండి. ఏది పెట్టినా ప్యానెళ్ల మీద దుమ్మును పొద్దున్నే, అవి వేడెక్కకముందే కడగండి.