ఎల్బీ నగర్ చౌరస్తాలో రెండు రోజులు

సూర్యాపేట నుంచి ఎప్పుడొచ్చినా మేం బస్సు దిగేది హైదరాబాద్ ఎల్బీ నగర్‌లోనే. "రింగ్ రోడ్ చౌరస్తా వస్తోంది, సామాన్లు తీయండి" అని నాన్న ముందే లేపేవారు. మొన్న అమ్మను కంటి డాక్టరుకు చూపించడానికి వచ్చి, రెండు రోజులు అక్కడే లాడ్జిలో ఉన్నాం.

గది శుభ్రంగానే ఉంది. వేడినీళ్లు మాత్రం పొద్దున ఎనిమిది దాకే. అసలు ఇబ్బంది అది కాదు. లాడ్జి రోడ్డుకు ఇటు, మందుల షాపు అటు. కళ్లకు చుక్కలు వేయించుకున్న అమ్మను పట్టుకుని దాటుదామంటే నాకు తెలిసిన చౌరస్తా లేదు. ఆటో ఎక్కితే యూటర్న్ తిరిగి రావాలని ఎనభై రూపాయలు తీసుకున్నాడు.

ఇన్నర్ రింగ్ రోడ్డు ఒకప్పుడు ఊరి బయటి దారి. విజయవాడ హైవే (జాతీయ రహదారి నంబరు అప్పుడు 9, ఇప్పుడు 65) దాన్ని ఇక్కడే దాటేది. చూస్తుండగానే ఊరు దీన్ని దాటిపోయింది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక బెంగళూరు, ముంబై వెళ్లేవాళ్లు పెద్ద అంబర్‌పేట దగ్గరే ఎక్కి పక్కనుంచి పోతున్నారు. అయినా ఇక్కడ రద్దీ తగ్గలేదు. అందుకే నగరంలో రోడ్లను మెరుగుపరిచే ఎస్ఆర్‌డీపీ పథకం కింద 2018లో చింతల్‌కుంట అండర్‌పాస్, ఆ తర్వాత కామినేని ఆస్పత్రి దగ్గర, ఎల్బీ నగర్‌లో ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లు ఒక్కొక్కటీ కట్టుకుంటూ వచ్చారు. 2023 మార్చిలో ఎల్బీ నగర్ కుడివైపు ఫ్లైఓవర్ తెరిచారు. ఇప్పుడు హైవే బళ్లు పైనుంచి, రింగ్ రోడ్డు బళ్లు కిందనుంచి ఆగకుండా వెళ్లిపోతాయి. బస్సులో వస్తూ నేనూ సంతోషపడ్డాను, ఒకప్పుడు ఆ సిగ్నల్ దగ్గరే చాలాసేపు పడిగాపులు పడేవాళ్లం కదా. కానీ దిగి నడిచే మనిషి గురించి ఇంకా ఆలోచించాల్సింది.

మెట్రోకు మాత్రం నిండు మార్కులు. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి ఇక్కడిదాకా వచ్చింది. లిఫ్టు పనిచేస్తోంది, అమ్మకు సీటు ఎవరో ఒకరు లేచి ఇచ్చారు. విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి దాటితే దిల్‌సుఖ్‌నగర్, అంతే. టిఫిన్లకు అక్కడికే వెళ్లాం.

రెండో రోజు పళ్లబండి పెద్దాయన చెప్పాడు: "మెట్రో మెట్లెక్కి అటు దిగమ్మా, టికెట్ అక్కర్లేదు." లిఫ్టులో ఎక్కి, అటువైపు దిగాం. అమ్మ నా చెయ్యి వదిలేసి తనే ముందు నడిచింది.