వైజాగ్‌లో ‘తొమ్మిది చేపల వాస్తు సెట్’ కొనేవాళ్లకు హెచ్చరిక: రెండడుగుల ట్యాంకులో అన్ని గోల్డ్ ఫిష్ బతకవు

ఇంట్లో అక్వేరియం పెట్టుకుందామని మొదటిసారి షాపుకెళ్లినవాళ్లకు తరచూ ముందు చూపించేది ఈ ప్యాకేజీనే. రెండడుగుల గాజు ట్యాంకు, రంగు రాళ్లు, ప్లాస్టిక్ మొక్కలు, అరచేతిలో పట్టేంత ఫిల్టరు, ఓ సీసా నీలం మందు, తొమ్మిది గోల్డ్ ఫిష్. ఎనిమిది ఎర్రవి, ఒకటి నల్లది. దానికి వాస్తు సెట్ అని పేరు. ఇంటికొచ్చి బిగిస్తారు, నీళ్లు పోస్తారు, గంట తిరక్కుండానే చేపలు వదిలేసి వెళ్లిపోతారు. దయచేసి ఇలా కొనకండి. మూడో రోజో నాలుగో రోజో ఒక చేప పైకి తేలుతుంది. రెండు మూడు వారాలు తిరిగేసరికి ఒకటో రెండో మిగులుతాయి. షాపులో అడిగితే “మీ నీళ్లు పడలేదండీ” అని ఇంకో మందు, మళ్లీ చేపలు అంటగడతారు. నీళ్లది తప్పే కాదు. అన్ని చేపలకు ఆ ట్యాంకు చాలదు, పైగా అది ఇంకా సిద్ధం కానేలేదు.

ముందు లీటర్లు లెక్కపెట్టండి, చేపల సంగతి ఆ తర్వాత. ట్యాంకు పొడవు, వెడల్పు, ఎత్తు అంగుళాల్లో కొలిచి మూడింటినీ గుణించి 61తో భాగిస్తే లీటర్లు వస్తాయి. మామూలుగా అమ్మే రెండడుగుల ట్యాంకు 24 × 12 × 15 అంగుళాలు ఉంటుంది, అంటే 71 లీటర్లు. రాళ్లు ఆక్రమించే చోటు, పైన వదిలే ఖాళీ తీసేస్తే అందులో పట్టే నీళ్లు 60 లీటర్లకు మించవు. షాపువాళ్లు చెప్పే లీటర్లు ఖాళీ గాజు పెట్టెవని గుర్తుంచుకోండి.

ఒరాండా, ర్యూకిన్, బ్లాక్ మూర్ లాంటి గుండ్రటి ఒళ్లు, జంట తోక ఉన్న రకాలకు మొదటి చేపకు 75 లీటర్లు, ఆపైన ప్రతి చేపకు ఇంకో 40 లీటర్లు అని అనుభవజ్ఞులు పాటించే లెక్క. మన ఎండలకు ఇది కనీసం అనుకోవాలి. ఈ లెక్కన తొమ్మిది చేపలకు 395 లీటర్లు కావాలి. అంటే అయిదడుగుల ట్యాంకు. నీళ్ల బరువే నాలుగు వందల కిలోలు. అపార్ట్‌మెంట్ హాల్లో అంత బరువు పెట్టాలంటే కింద బీము ఎక్కడుందో చూసుకోవాలి. మూడడుగుల ట్యాంకు (36 × 15 × 18) కొంటే అందులో నిజంగా పట్టేది 130 లీటర్ల దాకా. దానికి రెండు చేపలు హాయిగా సరిపోతాయి. వారం వారం తప్పకుండా సగం నీళ్లు మార్చగలిగితేనే మూడోదాని గురించి ఆలోచించండి. నాలుగడుగులది (48 × 18 × 18) అయితే నాలుగు. రెండడుగులదాంట్లో ఒక్క చిన్న ఒరాండాను కొన్ని నెలలు పెంచవచ్చు, అదీ పెద్ద ట్యాంకు కొనే ఉద్దేశం ఉంటేనే. ఇక అడుగు ట్యాంకులు, గుండ్రటి గాజు బౌళ్లు గోల్డ్ ఫిష్‌కు అసలు పనికిరావు. ఒంటి తోకతో సన్నగా ఉండే కామెట్, షుబుంకిన్ రకాలు అడుగు దాకా పెరుగుతాయి. వాటికి పెరట్లో తొట్టో చిన్న కొలనో ఉండాలి, హాల్లో గాజు పెట్టె సరిపోదు.

“ట్యాంకు ఎంతుంటే చేప అంతే పెరుగుతుందండీ” అనే మాట ప్రతి కౌంటర్ దగ్గరా వినిపిస్తుంది. నమ్మకండి. మురికి నీళ్లలో చేప గిడసబారి, వెన్ను వంకరపోయి, ఆయుష్షు తీరకుండానే పోతుంది. బాగా చూసుకుంటే గోల్డ్ ఫిష్ పది పదిహేనేళ్లు బతుకుతుంది. షాపులో రెండంగుళాలున్న ఒరాండా ఆరేడు అంగుళాలకు ఎదిగేదే.

చావులు మొదటి పదిహేను రోజుల్లోనే ఎందుకో తెలిస్తే షాపువాళ్ల మాటలకు పడిపోరు. గోల్డ్ ఫిష్‌కు పొట్టసంచి ఉండదు. తిన్నది పేగుల్లోంచి చకచకా బయటికొచ్చేస్తుంది. ఎప్పుడు చూసినా ఆకలిగా కనబడుతుంది, ఎంత వేస్తే అంత తింటుంది. ఆ తిండిలోని మాంసకృత్తుల వ్యర్థం అమ్మోనియాగా మారి ఎక్కువ భాగం మొప్పల నుంచే నీళ్లలోకి వస్తుంది. పాత ట్యాంకులో ఫిల్టరు స్పాంజిలో, రాళ్ల మీద స్థిరపడ్డ బ్యాక్టీరియా ఆ అమ్మోనియాను నైట్రైట్‌గా, ఆ తర్వాత పెద్దగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. కొత్త ట్యాంకులో ఆ బ్యాక్టీరియా ఉండదు. అది తగినంత పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈలోగా తొమ్మిది చేపలు వదిలిన అమ్మోనియా వాటి మొప్పలనే కాల్చేస్తుంది. మొప్పలు ఎర్రబడటం, పైకొచ్చి నోరు తెరిచి గాలి కోసం కొట్టుకోవడం, రెక్కలు ముడుచుకుని మూలన కూర్చోవడం ఈ విషం లక్షణాలే.

మన ఊళ్లో దీనికి ఎండ కూడా తోడవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకు నీళ్లు 30 డిగ్రీలు దాటుతాయి. గోల్డ్ ఫిష్ చల్లనీళ్ల చేప, 18 నుంచి 24 డిగ్రీల మధ్య కులాసాగా ఉంటుంది. నీళ్లు 20 డిగ్రీలున్నప్పుడు లీటరుకు తొమ్మిది మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీలకు ఏడున్నరే. అదే సమయంలో అమ్మోనియాలో విషంగా పనిచేసే భాగం దాదాపు రెట్టింపవుతుంది. అందుకే చల్లటి దేశాలవాళ్లు రాసుకున్న చేపల సంఖ్య మనకు యథాతథంగా వర్తించదు, ఇంకా తగ్గించుకోవాలి. ఇంత వేడి ఊళ్లో గోల్డ్ ఫిష్ ట్యాంకుకు హీటరు అమ్మేవాళ్లూ ఉన్నారు. తీసుకోకండి. ఆ డబ్బుతో ఇంకో ఎయిర్ పంపు కొనుక్కోండి, ట్యాంకు మూత తీసి నీళ్ల మీదకు చిన్న ఫ్యాను తిప్పండి.

సీసాలో ఇచ్చే నీలం మందు సాధారణంగా మిథిలీన్ బ్లూ. కొన్ని రోగాలకు అది మందే, కాదనడం లేదు. కానీ ప్రతి వారం నాలుగు చుక్కలు వేయమంటే మాత్రం వేయకండి. ఫిల్టరులో పెరుగుతున్న మంచి బ్యాక్టీరియాను అది చంపేస్తుంది. అప్పుడు అమ్మోనియా మళ్లీ మొదటికొస్తుంది, చేపలు జబ్బుగా కనబడతాయి, మళ్లీ మందు వేస్తారు. వైద్యం కావాల్సిన చేపను వేరే టబ్బులోకి తీసి అక్కడే మందు వాడండి.

ఫిల్టరు దగ్గరా మోసపోతారు. దాని మీద గంటకు ఎన్ని లీటర్లు అని రాసి ఉంటుంది. గోల్డ్ ఫిష్‌కు ఆ అంకె ట్యాంకు లీటర్లకు ఎనిమిది నుంచి పది రెట్లుండాలి. 130 లీటర్ల ట్యాంకుకు గంటకు వెయ్యి లీటర్లకు పైన. స్పాంజికి మురికి పట్టాక అసలు ప్రవాహం రాసినదానికంటే బాగా తగ్గుతుంది. ఒక పవర్ ఫిల్టరు, దానికి తోడు ఎయిర్ పంపుతో నడిచే పెద్ద స్పాంజ్ ఫిల్టరు పెట్టుకుంటే ఒకటి ఆగినా ఇంకొకటి కాపాడుతుంది. “రాత్రిపూట ఆపేయండి, కరెంటు ఆదా” అన్న సలహా వినకండి. గంటల తరబడి ఆపితే లోపల బ్యాక్టీరియా ఆక్సిజన్ అందక చనిపోతుంది. స్పాంజిని కుళాయి కింద పెట్టి కడగకండి, ట్యాంకులోంచి తీసిన నీళ్ల బకెట్లోనే రెండుసార్లు పిండితే చాలు.

నీళ్ల విషయానికొస్తే, జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. వెడల్పాటి టబ్బులో 24 గంటలు ఉంచి, ఎయిర్ స్టోన్ (ఎయిర్ పంపుకు తగిలించే బుడగల రాయి) వేసి వాడండి, లేదా సీసా మీద రాసిన మోతాదులో యాంటీ క్లోరిన్ కలపండి. బోరు నీళ్లయితే క్లోరిన్ ఉండదు గానీ ఆక్సిజన్ తక్కువుంటుంది, ఒక రాత్రంతా గాలి పట్టించాలి. సముద్రానికి దగ్గర్లో ఉన్న కాలనీల్లో బోరు ఉప్పగా తగిలితే వాడకండి. క్యాన్ నీళ్లు శుభ్రమని వాటితోనే ట్యాంకు నింపేవాళ్లున్నారు. ఆర్వో నీళ్లలో ఖనిజాలు దాదాపు ఉండవు, కొన్నాళ్లకు పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార స్థాయి) ఒక్కసారిగా పడిపోతుంది. కుళాయి నీళ్లే మేలు. బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో ట్యాంకు పెట్టే ఇనుప స్టాండును ఉప్పుగాలి తుప్పు పట్టించి లోలోపల తినేస్తుంది. కొనేముందు వెల్డింగ్ అతుకుల మీద రంగు సరిగ్గా పడిందో లేదో చేత్తో తడిమి చూడండి.

చేపను ఎంచుకునేటప్పుడు షాపు ట్యాంకు ముందు కనీసం పది నిమిషాలు నిలబడండి. దేశంలో రంగు చేపల పెంపకానికి పశ్చిమ బెంగాల్, చెన్నై కొళత్తూరు పెద్ద కేంద్రాలు. అంత దూరం కవర్లలో ప్రయాణం చేసి అలసిపోయిన చేపను దిగిన రోజే కొనకూడదు. లోడు ఎప్పుడొచ్చిందో అడిగి, వారం దాటాకే వెళ్లండి. తోక మొదట్లో, రెక్కల కింద తెల్లటి దారం ముక్క వేలాడుతున్నట్టుంటే అది యాంకర్ వర్మ్. చర్మం మీద పారదర్శకంగా గుండ్రటి చుక్క కదులుతుంటే చేప పేను. ఆ ట్యాంకులోని ఏ చేపనూ తీసుకోవద్దు, బాగున్నట్టు కనబడేదాన్ని కూడా. పొలుసులు నిక్కబొడుచుకుని ఒళ్లు ఉబ్బిన చేప బతకడం కష్టం.

ఇంటికొచ్చాక కవరును మూతి విప్పకుండానే ట్యాంకులో పావుగంట తేలనివ్వండి. మూతి విప్పి గంటలకొద్దీ వదిలేయడం ప్రమాదం. ప్రయాణంలో కవరులో పోగైన కార్బన్ డయాక్సైడ్ విప్పగానే పోతుంది, పీహెచ్ పెరుగుతుంది, అప్పటిదాకా నిద్రాణంగా ఉన్న అమ్మోనియా ఒక్కసారిగా విషమవుతుంది. విప్పిన వెంటనే వలతో చేపను మాత్రమే ట్యాంకులోకి మార్చి, కవరు నీళ్లు సింకులో పారబోయండి. ఆ రోజు మేత వేయకండి.

దీనికంతటికీ ముందు ట్యాంకు సిద్ధం కావాలి. చేపలు లేకుండా ఫిల్టరు నడిపిస్తూ రోజూ చిటికెడు మేత వేయండి. అది కుళ్లి అమ్మోనియా పుడుతుంది, బ్యాక్టీరియా పెరుగుతుంది. నీళ్లు పరీక్షించే టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా, నైట్రేట్ కనబడుతున్న రోజున మొదటి చేప తెచ్చుకోండి, రెండోది మూడు నాలుగు వారాల తర్వాత. ఆరోగ్యంగా నడుస్తున్న పాత ట్యాంకు ఎవరి దగ్గరైనా ఉంటే వాళ్ల స్పాంజి ఒక ముక్క అడిగి తెచ్చి మీ ఫిల్టరులో పెట్టుకుంటే వ్యవధి బాగా తగ్గుతుంది.

ఇంట్లో పెద్దవాళ్లకు తొమ్మిది ఉండాలన్న నమ్మకం ఉంటే దాన్నీ గౌరవించవచ్చు, చేప రకం మార్చుకుంటే చాలు. ఎనిమిది ఎర్ర ప్లాటీలు, ఒక నల్ల మోలీ తీసుకోండి. అన్నీ మగవే ఎంచుకోండి, లేకపోతే పిల్లలతో నిండిపోతుంది. ఈ చేపలకు మన వేడి, ఖనిజాలు కాస్త ఎక్కువున్న నీళ్లు బాగా పడతాయి. సిద్ధమైన రెండడుగుల ట్యాంకులో అవి సుఖంగా ఉంటాయి. “నాచు తింటుంది” అని గోల్డ్ ఫిష్‌తో కలిపి ఇచ్చే సక్కర్ చేపను మాత్రం వద్దనండి. అది రాత్రిళ్లు గోల్డ్ ఫిష్ ఒంటికి అతుక్కుని జిగురు పొరను గీకేస్తుంది, పైగా అడుగు దాటి పెరుగుతుంది.

ఇప్పటికే తొమ్మిదీ కొనేసి ఉంటే: రెండు రోజులు మేత ఆపేయండి. రోజూ మూడో వంతు నీళ్లు తీసి, క్లోరిన్ పోయిన నీళ్లు పోయండి. నైట్రైట్ కనబడితే లీటరుకు ఒక గ్రాము లెక్కన అయోడిన్ లేని కల్లుప్పు విడిగా కరిగించి కలపండి. 60 లీటర్లకు 60 గ్రాములు. ఉప్పులోని క్లోరైడ్ నైట్రైట్‌ను మొప్పల్లోకి పోనివ్వదు. గాజు ట్యాంకు వెంటనే కొనలేకపోతే వంద లీటర్ల ప్లాస్టిక్ టబ్బు, ఒక స్పాంజ్ ఫిల్టరు చాలా తక్కువలో దొరుకుతాయి. కొన్ని చేపల్ని అందులోకి మార్చండి, మిగతావాటిని పెద్ద తొట్టి ఉన్నవాళ్లకు ఇచ్చేయండి. ముడసర్లోవ, మేఘాద్రిగెడ్డ రిజర్వాయర్లలోనో, గుడి కోనేట్లోనో వదలకండి. బయటి చేప, దాంతోపాటు దాని రోగాలు అక్కడి చేపలకు అంటుకుంటాయి.

తుఫాను కాలంలో బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు. తక్కువ చేపలున్న ట్యాంకుకు అలాంటప్పుడు కొంత ఊపిరి మిగులుతుంది, కిక్కిరిసినదానికి గంటలే. పంపు లేకపోతే మగ్గుతో నీళ్లు తీసి అడుగు ఎత్తు నుంచి పోస్తూ ఉండండి, మేత పూర్తిగా ఆపండి.

ప్యాకేజీ తప్ప విడిగా అమ్మం అన్నా, బిల్లు ఇవ్వం అన్నా ఆ షాపులో కొనకండి. ట్యాంకు కొలతలు, గాజు మందం, ఫిల్టరు గంటకు ఎన్ని లీటర్లు, వారంటీ ఎన్నాళ్లు అన్నవి బిల్లు మీదే రాయించుకోండి. ట్యాంకు కారినా ఫిల్టరు చెడిపోయినా షాపువాళ్లు తిరస్కరిస్తే ఆ బిల్లు ఫొటోతో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు.