సంస్మరణ సంచిక వేయించాలంటే: కర్నూలులో ఒక ప్రెస్సు పనితనం

కర్నూలు పాతబస్తీలోని ఈ ఆఫ్‌సెట్ ప్రెస్సులో పెళ్లిపత్రికలతో పాటు సంస్మరణ సంచికలూ వేస్తారు. తండ్రి సంవత్సరీకానికి వచ్చినవాళ్ల చేతిలో పెట్టే 48 పేజీల పుస్తకం లెక్కన చూస్తే అచ్చుపనికి వంక పెట్టనక్కర్లేదు. లోపలికి 80 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) మ్యాప్‌లిథో అనే మామూలు తెల్ల కాగితం, నడిమి 8 ఫొటో పేజీలకు 130 జీఎస్ఎం నున్నటి ఆర్ట్ పేపరు, అట్టకు 300 ఆర్ట్ బోర్డు. పిన్నులు సరిగ్గా మడత మీదే పడ్డాయి. పేజీల సంఖ్య నాలుగుతో భాగించబడాలని ముందే చెబుతారు, లేకపోతే చివర్న తెల్ల పేజీలు మిగులుతాయి.

చిక్కంతా డీటీపీ, అంటే కంప్యూటర్లో పేజీలు కూర్చే పని దగ్గర. ఫోన్లో యూనికోడ్‌లో కొట్టిచ్చిన మ్యాటరును యూనికోడ్ కాని పాత పద్ధతి ‘అను’ ఫాంట్లలోకి మార్చి, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో పెడతారు. ఆ మార్పులో పొల్లక్షరం తర్వాత వచ్చే అక్షరం దాని కిందికి వత్తుగా దిగిపోతుంది. ‘రాజ్‌కుమార్’ కాస్తా ‘రాజ్కుమార్’ అయి కూర్చుంటుంది. అందుకే ప్రూఫును తెర మీద కాదు, కాగితం మీద తీయించి, మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు మాత్రమే ఒకసారి విడిగా చదవాలి.

ఫొటోల పని సగమే బాగుంది. పాత నలుపు తెలుపు ఫొటోను 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేస్తారు, అది మంచి పద్ధతి. ఫ్రేము అద్దానికి అతుక్కున్న ఫొటోను మాత్రం పీకనివ్వకండి, ముఖం పొర లేచిపోతుంది. అద్దంతోనే స్కాన్ చేయించాలి. వాట్సాప్‌లో పంపేటట్టయితే డాక్యుమెంటుగా పంపాలి. ఇక రీటచింగ్‌లో అడగకుండానే చెంప మీది మశూచి మచ్చలు తుడిచేసి, మీసం నల్లగా దిద్దుతారు. పిల్లలు నలభై ఏళ్లు చూసిన ముఖం అది కాదు. ‘గీతలూ మరకలే తీయండి, ముఖం ముట్టుకోవద్దు’ అని కవరు మీద రాసివ్వాలి.

జీవిత విశేషాలకు ప్రెస్సు దగ్గర ఒక మూస ఉంది. ‘నిరాడంబరులు, స్నేహశీలి’ అంటూ ఎవరికైనా సరిపోతుంది, కాబట్టి వాడొద్దు. సర్వీస్ రిజిస్టరు, నియామక ఉత్తర్వు, పింఛను కాగితం ముందర పెట్టుకుని ఏ ఊళ్లో ఎన్నేళ్లు పనిచేశారో వరసగా రాయండి, ఆ మనిషి కనిపిస్తాడు. 1985కు ముందు కాగితాల్లో మండలం ఉండదు, తాలూకా ఉంటుంది. దాన్ని అలాగే ఉంచాలి. 1950లో నంద్యాలలో పుట్టినాయనకు ‘నంద్యాల జిల్లా’ అని వేశారంటే తప్పే. అప్పుడది మద్రాసు రాష్ట్రంలోని కర్నూలు జిల్లా, నంద్యాల జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. జాతకంలో ‘సర్వధారి, పుష్యమాసం’ అని ఉంటే 1948 అని వేయకూడదు. ఆ సంవత్సరం 1948 ఉగాదితో మొదలవుతుంది కాబట్టి పుష్యం దాదాపు అంతా 1949 జనవరిలోనే పడుతుంది. బడి సర్టిఫికెట్టులో తేదీ వేరుగా ఉంటే రెండూ వేయడమే న్యాయం.

కుటుంబం పేజీలో తల్లి పేరు ముందు ‘గం.భా.స.’ (గంగా భాగీరథీ సమానురాలు, భర్త పోయినావిడ పేరు ముందు పెట్టే మాట) అని ప్రెస్సువాళ్లంతట వాళ్లే చేరుస్తారు. ఆమెను అడగకుండా ఆ మాట అచ్చు కానివ్వడం అన్యాయం. కూతుళ్ల పేర్లు కూడా అల్లుళ్ల పేర్ల వెనక పడిపోతాయి, సరిచేయించుకోవాలి.

మ్యాటరు 25 రోజుల ముందు ఇవ్వాలి. తొందరపెడితే ఆర్ట్ పేపరు మీద సిరా ఆరకముందే మడత వేస్తారు, ఫొటో మరక ఎదుటి పేజీకి అంటుతుంది. కట్టలు దించుకునే ముందు ఒక్కో కట్టలోంచి రెండు పుస్తకాలు తీసి నడిమి పేజీలు విప్పి చూడండి.