గుల్‌మార్గ్‌లో స్కీయింగ్: పాలమూరు నుంచి వెళ్లేవాళ్ల కోసం

కాశ్మీర్‌లోని గుల్‌మార్గ్‌కు స్కీయింగ్ కోసం వెళ్లే మనవాళ్లకు మొదట ఒక మాట చెప్పాలి. ఏ రోజు ఏం చేయాలో ముందే రాసిచ్చే ప్యాకేజీ ఎంత చవకగా దొరికినా తీసుకోకండి. అక్కడ మన రోజును నడిపేది మొగులు. గాలి లేచిందంటే కొండపైకి తీసుకెళ్లే కేబుల్ కారు, అంటే గొండోలా, రెండో దశ ఆపేస్తారు. మంచు దంచికొడితే శ్రీనగర్ విమానాలే రద్దవుతాయి. మధ్యలో ఖాళీ రోజులు పెట్టుకున్నవాళ్లకే టెన్షన్ లేకుండా ఆ కొండలు దక్కుతాయి.

మేం మహబూబ్‌నగర్ నుంచి ఫిబ్రవరిలో వెళ్లాం. నేను, అక్క, బావ, వాళ్ల పిల్లలు. జడ్చర్ల మీదుగా పోయే మన 44వ నంబరు జాతీయ రహదారి శ్రీనగర్‌లోనే మొదలవుతుందని చెబితే, అయితే కారులోనే పోదామని పిల్లలు ఒకటే గొడవ. శంషాబాద్‌లో విమానమెక్కి, ఢిల్లీలో మారి శ్రీనగర్‌లో దిగాం. అక్కడి నుంచి గుల్‌మార్గ్ సుమారు 50 కిలోమీటర్లు. కొండ కింద ఉన్న టంగ్‌మార్గ్ ఊరి దాకా మామూలు టాక్సీ పోతుంది. ఆపైన 13 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు మీద, మంచు పడ్డ రోజుల్లో, టైర్లకు చైన్లు కట్టిన బండ్లనో ఫోర్ బై ఫోర్లనో మాత్రమే వదులుతారు. మమ్మల్ని తీసుకెళ్లిన టాక్సీ అతను ఈ సంగతి టంగ్‌మార్గ్‌లో దింపేదాకా చెప్పలేదు. రెండో బండికి డబ్బు ఎవరు ఇవ్వాలో బేరమాడేటప్పుడే తేల్చుకోండి. ఇంకొకటి, మన ప్రీపెయిడ్ సిమ్‌లు అక్కడ పనిచేయవు. కనీసం ఒక్క పోస్ట్‌పెయిడ్ నంబరైనా ఉండాలి.

బస విషయానికొస్తే, మొదట టంగ్‌మార్గ్‌లో ఒక ఇంట్లో దిగాం. చవక, భోజనం బాగుంది, ఇంటివాళ్లు ఎంతో ఆప్యాయంగా చూసుకున్నారు. కాశ్మీరీలూ మనలా అన్నం తినేవాళ్లే. అన్నంలోకి హాక్ ఆకుకూర, తామర తూడుతో చేసే నద్రూ వండిపెట్టారు. మా అక్క తెచ్చిన మామిడికాయ తొక్కు వాళ్లకూ నచ్చింది. అయితే రాత్రి మంచు కురిస్తే పొద్దున రోడ్డు తీయడం ఆలస్యమవుతుంది. మనం పైకి చేరేసరికి మంచి గంటలు అయిపోతాయి. స్కీయింగే ముఖ్యమైతే ఖర్చు ఎక్కువైనా గుల్‌మార్గ్‌లోనే ఉండాలి.

అక్కడ గది చూసేటప్పుడు కిటికీలోంచి కొండ కనబడుతుందా అని కాదు, హీటింగ్ రాత్రంతా ఉంటుందా, కరెంటు పోతే జనరేటర్ ఉందా, తడిసిన గ్లౌజులు ఆరబెట్టే చోటుందా అని అడగండి. మేం దిగిన ఒక హోటల్‌లో అర్ధరాత్రి హీటింగ్ ఆపేశారు, చిన్నోడు చలికి నిద్రే పోలేదు. మర్నాడే గదిని వెచ్చబెట్టే కట్టెల పొయ్యి, అంటే బుఖారీ, ఉన్న చిన్న లాడ్జికి మారాం. అది ఎంతో నయం. బుఖారీ ఉన్న గదిలో పొగగొట్టం సరిగా ఉందో లేదో చూసుకోవాలి, పడుకునేటప్పుడు కిటికీ కాస్త తెరిచి ఉంచాలి.

స్కీలు అద్దెకు ఇచ్చే దుకాణాల్లో రంగులు చూసి మోసపోవద్దు. మీ బరువు అడిగి, బూటు కొలత చూసి, బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్ స్క్రూ తిప్పి సరిచేసేవాడి దగ్గరే తీసుకోండి. పడ్డప్పుడు కాలి నుంచి స్కీ ఊడిపోవాలి. ఊడకపోతే మోకాలు మెలిపడుతుంది. మాకు నేర్పినాయన మొదటి గంటంతా స్కీ తొడగడం, తీయడమే చేయించారు. బూటు అడుగున అంటుకున్న మంచును కర్ర కొసతో గీకాలి, వేళ్ల వైపు ముందు పెట్టాలి, తర్వాత మడమతో గట్టిగా తొక్కితే టక్కుమని పడుతుంది. మంచు గీకకపోతే ఎంత తొక్కినా పట్టదు. బావకు మన పాలమూరు ఉర్దూ బాగా వచ్చు కాబట్టి ఆయనకూ బావకూ ఇట్టే కుదిరింది. స్కీల ముందు కొసలు దగ్గరికి, వెనక కొసలు దూరంగా పెట్టి ఆగడం వచ్చేదాకా ఆయన మమ్మల్ని వాలు ఎక్కనివ్వలేదు. ఎక్కువ డబ్బు అడిగినా సరే, ఇలాంటి గురువునే పట్టుకోండి.

వాతావరణం పూటపూటకూ మారుతుంది. పొద్దున ఎండ, గట్టి మంచు. మధ్యాహ్నానికి మెత్తబడి కాళ్లు బరువెక్కుతాయి. ఆ తర్వాత మొగులు దిగిందంటే మంచు మీద నీడలు మాయమవుతాయి, ఎక్కడ దిగుడో ఎక్కడ గుంతో కంటికి తెలియదు. అప్పుడు చెట్ల అంచున ఉండే వాలు మీదికి రావాలి, కాండాల నలుపు చూస్తే నేల కొంత అర్థమవుతుంది. మా గురువు మమ్మల్ని అటే తీసుకెళ్లారు. ఆ మసకలో, సన్నగా రాలే మంచులో నెమ్మదిగా జారడం నాకు ఎండ రోజుకన్నా ఎక్కువ నచ్చింది.

అఫర్వత్ కొండకు వెళ్లే గొండోలా రెండో దశ సుమారు 3,950 మీటర్ల ఎత్తుకు చేరుస్తుంది. గుల్‌మార్గ్ 2,650 మీటర్లు. ప్రతి వెయ్యి మీటర్లకూ ఆరేడు డిగ్రీలు తగ్గుతుంది కాబట్టి, కింద సున్నా ఉంటే పైన మైనస్ ఎనిమిది, దానికి గాలి తోడు. ఊపిరి త్వరగా అందదు. మేం దాని కోసం కాచుకుని కూర్చుంటే, ఆకాశం తేటపడిన రోజున తెరిచారు. నల్లకళ్లద్దాలు లేకుండా ఎక్కొద్దు, కొత్త మంచు ఎండను కళ్లలోకే కొడుతుంది. పై వాలులు కొత్తగా నేర్చుకునేవాళ్లకు కావు. కొత్త మంచు పడ్డాక కొండ మీది మంచు ఒక్కసారిగా విరిగి జారిపడే ప్రమాదమూ ఉంటుంది, భద్రత చూసే గస్తీ బృందం తెరవని చోటికి ఎవరు రమ్మన్నా పోవద్దు. మేం కొండలు చూసి గొండోలాలోనే దిగొచ్చాం.

నెల ఏదంటే, నా ఓటు ఫిబ్రవరికే. 2024 జనవరిలో గుల్‌మార్గ్‌లో నేల కనబడింది, నెలాఖరుకుగానీ చెప్పుకోదగ్గ మంచు పడలేదు. ఉత్తరాఖండ్‌లోని స్కీయింగ్ చోటు ఔలీ బాగుంటుందా అని కొందరు అడుగుతున్నారు. నందాదేవి శిఖరం చూడాలంటే అదే మంచిది. కానీ హరిద్వార్ నుంచి ఔలీ కింద ఉన్న జోషీమఠ్‌కు రోజంతా కొండదారి, పైగా నేల కుంగడంతో 2023 జనవరిలో అక్కడి నుంచి ఔలీకి వెళ్లే రోప్‌వే ఆపేశారు, వెళ్లేముందు కనుక్కోండి. పిల్లలతో వెళ్లేవాళ్లకు నేను గుల్‌మార్గే చెబుతాను. బావ అప్పుడే వచ్చే ఫిబ్రవరికి సెలవు అడిగేశారు.