తాతయ్య జీపుకి ఇంజిన్ వెతుక్కుంటూ: ఆటోనగర్, డబ్వాలీ, లంబసింగి

మా ఇంట్లో ఉన్నది ఎత్తు బానెట్ జీపు, సీజే-3బి. దాని హరికేన్ పెట్రోల్ ఇంజిన్ 2199 సీసీది. ఇన్‌లెట్ వాల్వులు పైన హెడ్‌లో, ఎగ్జాస్ట్ వాల్వులు కింద బ్లాకులో ఉంటాయి. అందువల్ల ఇంజిన్ ఎత్తు పెరిగింది, అది పట్టడానికే జీపు తయారుచేసే విల్లీస్ కంపెనీ వాళ్ళు 1953లో బానెట్ లేపారు. ఆ హరికేన్ తాగే పెట్రోల్‌కి తట్టుకోలేక తాతయ్య 1986లోనే డీజిల్ ఇంజిన్ పెట్టించారు, ఆర్సీలో ఇంధనం గడి కూడా మార్పించారు. ఆయన అప్పుడు ఆ పని కాగితాలతో సహా చేయించడమే ఈ రోజు మమ్మల్ని కాపాడింది.

ఆ డీజిల్ ఎండీ 2350. ఇంటర్నేషనల్ బి-275 ట్రాక్టర్ ఇంజిన్‌కి తమ్ముడు అనుకోండి. నలభై ఏళ్ళకి దగ్గరగా మోసింది. నిరుడు వానల్లో డిప్‌స్టిక్ తీస్తే నూనె పాలు పోసిన టీలా వచ్చింది, అంటే అందులో నీళ్ళు కలిశాయి. విప్పితే బ్లాకులో పగులు. క్రాంక్ అంతకుముందే ఆఖరి సైజు దాకా గ్రైండింగ్ అయిపోయింది. ఇక దీనికి ప్రాణం పోయడం కష్టమని మా నర్సీపట్నం మేస్త్రిగారే చెప్పారు. నేనూ మా బావా సంచులు సర్దుకున్నాం.

మొదట విజయవాడ. తునిలో రత్నాచల్ రైలు ఎక్కితే సాయంత్రానికి దిగిపోవచ్చు. బస్టాండు దగ్గర లాడ్జీలో దిగడం మేం చేసిన తప్పు. గది ₹1,200, రాత్రంతా బస్సుల హారన్లు, పొద్దున్నే ఆటోనగర్‌కి మళ్ళీ ఆటో. రెండోసారి ఆటోనగర్ గేటు పక్కనే ₹800 గదిలో ఉన్నాం. గోడలకి సున్నం రాలుతున్నా నీళ్ళు వేడిగా వచ్చాయి, మంచం గట్టిది, ఆరింటికే కింద టీ దొరికింది. ఇంజిన్ పని మీద వెళ్ళేవాళ్ళు అక్కడే దిగాలి. ఎందుకంటే షెడ్డు తెరవకముందే మీరు గుమ్మంలో ఉండాలి. ఈ మాటకి కారణం ఇంకాస్త కింద ఉంది. ఆదివారం మాత్రం వెళ్ళకండి, మేం వెళ్ళిన ఆదివారం సగం షట్టర్లు దించే ఉన్నాయి.

ఆటోనగర్‌లో లారీ పని చూస్తుంటే కాలం తెలియదు. ఒక వీధిలో లీఫ్ స్ప్రింగులు, పక్క వీధిలో రేడియేటర్లు, ఆ పైన పంపు, నాజిల్ వాళ్ళు, బాడీ కట్టేవాళ్ళు. మధ్యాహ్నం మెస్సులో గోంగూర, పప్పు, గడ్డపెరుగు. పని వదిలి తిండి కోసమే వెళ్ళినా నష్టం లేదు.

ఒక షెడ్డులో ఎండీఐ 3200 చూపించారు. 2523 సీసీ, మా పాత ఇంజిన్ వంశమే, డీఐ, అంటే డైరెక్ట్ ఇంజెక్షన్: డీజిల్ నేరుగా పిస్టన్ మీదే పడి మండుతుంది. ఒక్క సెల్ఫ్‌కే పట్టింది, పొగ లేదు. బావకి నచ్చేసింది. నేను ఊరికే మేనిఫోల్డ్ మీద, అంటే ఇంజిన్‌లోంచి పొగ బయటికొచ్చే గొట్టం మీద, చేయి పెట్టాను. కాలింది. మేం వచ్చేముందే దాన్ని వేడెక్కించి ఉంచారు. అలసిపోయిన డీజిల్ వేడి మీద ఎలాగూ పడుతుంది, దాని బండారం బయటపడేది చలి మీదే. సరే, ఇంజిన్ నంబరు చూద్దామని రూపాయి బిళ్ళతో కొత్త రంగు గీకాను. పచ్చరంగు కింద గ్రైండర్ గీతలు, ఒకదాని పక్కన ఒకటి, దువ్వెన పళ్ళలా. వాటి మీద కొట్టిన అంకెల్లో రెండు వరసలోంచి పక్కకి జరిగి ఉన్నాయి. మాట మాట్లాడకుండా బయటికి వచ్చేశాం. నంబరు గీకిన ఇంజిన్ ఎంత బాగా నడిచినా మీ బండిని చట్టం ముందు దొంగని చేస్తుంది. ఆ షెడ్డు మీద నాకు ఇప్పటికీ కోపమే.

కాగితాల మాట ఇక్కడే చెప్పేస్తాను. మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకీ ఆర్సీ వివరాలకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దాన్ని గట్టిగా చెప్పింది. కాబట్టి ఇంజిన్ కొనకముందే ఆర్టీవో ఆఫీసుకి వెళ్ళి అడగండి. మా ఆర్సీలో డీజిల్ అనే ఉంది కనుక మా దారి సులువైంది. ఇంకా పెట్రోల్ ఇంజిన్‌తోనే ఉన్న పాత జీపు మీ దగ్గర ఉంటే, దయచేసి ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్ళు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్ మారకుండా అసలు రూపంలో ఉన్న బండికి ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. ఆ నంబరుతో రోజువారీ తిరుగుళ్ళు కుదరవు. అయినా డీజిల్ పెట్టిన మరుక్షణం ఆ తలుపు మూసుకుపోతుందని తెలిసి పెట్టండి.

విజయవాడ నుంచి ఖాళీ చేతులతో వచ్చాక బావ పట్టు పట్టాడు: ‘‘జీపుల ఊరు చూడకుండా ఎలా?’’ జీపుల ఊరంటే మండీ డబ్వాలీ. హర్యానా, పంజాబ్ సరిహద్దు మీద కూర్చున్న ఊరు. రోడ్డు దాటితే అటువైపు కిలియాంవాలీ, అది పంజాబ్. సైన్యం వేలంలో అమ్మేసిన జీపులు తెచ్చి బాగుచేయడంతో ఈ ఊరికి పేరొచ్చింది. ఢిల్లీ దాకా ఏపీ ఎక్స్‌ప్రెస్, అక్కడి నుంచి రోహ్‌తక్, హిసార్, సిర్సా మీదుగా బస్సు. బస్సు సీటు ఇరుకు, రోడ్డు మాత్రం నున్నగా ఉంది. జనవరిలో వెళ్ళకండి. పొగమంచులో బస్సు నడిచినంతసేపు నడిచింది, ఆగినంతసేపు ఆగింది.

బస్టాండు దగ్గర గది ₹900. రజాయి బరువుగా, శుభ్రంగా ఉంది. ఢాబాలో మక్కీ రొట్టె, సర్సోం సాగ్, వెన్నముద్ద. రెండో రోజుకే అన్నం మీదికి మనసు పోయింది, కానీ ఆ ఆదరణకి వంక పెట్టలేను. భాష రాని ఇద్దరిని టీ ఇవ్వకుండా ఏ కొట్టువాళ్ళూ పంపలేదు.

డబ్వాలీ షెడ్లలో నా కళ్ళు చెదిరాయి. ఒకే వరసలో ఐదు రకాల డీజిళ్ళు చూశాను. పాత మహీంద్రా ఎంఎం 540 జీపుల్లో వచ్చిన ప్యుజో ఎక్స్‌డీపీ, 2112 సీసీ. దాని పెద్దన్న ఎక్స్‌డీ3పీ, 2498 సీసీ. అంబాసిడర్‌లోని ఇసుజు, 1995 సీసీ. టెంపో ట్రాక్స్‌లో వచ్చిన మెర్సిడెస్ ఓఎం 616. క్వాలిస్‌లోంచి తీసిన 2446 సీసీ టొయోటా. ఒక్కొక్కదాన్నీ మా ముందే చలి మీద స్టార్ట్ చేశారు. నూనె పోసే మూత తీసి అరచేయి అడ్డుపెట్టమన్నారు. బ్యాక్ కంప్రెషన్ ఉన్న ఇంజిన్, అంటే అరిగిపోయి పిస్టన్ పక్కల నుంచి గాలి కిందికి జారే ఇంజిన్, అరచేతిని నెడుతుంది, చేతికి నూనె తుంపరలు అంటుకుంటాయి. ఈ పని నిజాయితీగా చేయనిచ్చిన చోటు డబ్వాలీయే. ఆ విషయంలో విజయవాడలో నాకు తగిలిన షెడ్డు కన్నా పది మెట్లు పైన.

చెవికి నచ్చింది ప్యుజో. అందులో డీజిల్ ముందు చిన్న గదిలో మండి, ఆపైన పిస్టన్ మీదికి వస్తుంది. అందుకే చప్పుడు మెత్తన. పొద్దున్నే స్టార్ట్ కావాలంటే మాత్రం హీటర్ ప్లగ్గులు బాగుండాలి. డీఐ అలా కాదు, ప్లగ్గుల అవసరం లేకుండా పడుతుంది, కానీ కడవలో రాళ్ళు వేసి ఊపినట్టు కొట్టుకుంటుంది.

లెక్క కూడా వేసుకున్నాం. మా జీపు యాక్సిల్ నిష్పత్తి 5.38, అంటే టాప్ గేరులో చక్రం ఒకసారి తిరగడానికి ఇంజిన్ 5.38 సార్లు తిరగాలి, టైర్లు 6.00-16, అంటే ఎత్తు సుమారు 28 అంగుళాలు. టాప్ గేరులో ఇంజిన్ నిమిషానికి 3000 తిప్పుళ్ళ దగ్గర వేగం గంటకి 75 కిలోమీటర్లు. డీఐకి అంతకుమించి తిప్పడం హింస. ప్యుజో 4000 సునాయాసంగా తిరుగుతుంది, అంటే వంద దగ్గరికి వెళ్తుంది. బావ ఆ వంద పట్టుకున్నాడు. ఎక్స్‌డీ3పీకి బేరం కూడా ₹60,000 దగ్గర ఆగింది. లారీ కిరాయి, ఇంజిన్‌ని గేరుబాక్సుకి కలిపే బెల్ హౌసింగ్‌కి అడాప్టర్ ప్లేటు, కొత్త మౌంటింగులు కలిపితే ఎంతవుతుందో రాసుకుని, ఇంటికి వెళ్ళి చెబుతామన్నాం. అక్కడ ఇంజిన్‌తో పాటు జీపే తయారుగా ఇస్తామన్నవాళ్ళూ ఉన్నారు. ఛాసిస్ ఒక బండిది, ఆర్సీ ఇంకో బండిది. అలాంటి దాన్ని ఎంత అందంగా ఉన్నా ముట్టుకోకండి.

తేల్చింది మాత్రం మా కొండే. తిరిగొచ్చిన వారానికి చింతపల్లిలో పెళ్ళి. నర్సీపట్నంలో మహీంద్రా కమాండర్ సర్వీసు జీపు ఎక్కి ముందు సీట్లో డ్రైవరు పక్కన కూర్చున్నాను. వెనక మనుషులు, పైన మూటలు, టాపు పట్టుకుని ఇద్దరు. లంబసింగి ఘాట్ మొదలయ్యాక నా చెవి ఇంజిన్ మీదే ఉంది. డీఐ. రెండో గేరులో, యాక్సిలరేటర్ మీద కాలు దాదాపు ఆన్చకుండా, మలుపు తర్వాత మలుపు ఎక్కేస్తోంది. ఎక్కడా గింజుకోలేదు. ‘‘అన్నా, ఇది పాడైతే ఎక్కడ చేయిస్తావు?’’ అని అడిగాను. ‘‘ఎక్కడేంటి గురూ, ట్రాక్టర్ విప్పేవోడు ఉన్న ప్రతి ఊళ్ళోనూ. మొన్న నాజిల్ పోతే చింతపల్లిలో గంటలో మార్చేశాడు. మీ ప్యుజో ఆగిపోతే కొండ దించాలి కదా, అప్పుడు నాకు ఫోన్ చెయ్యి, తాడేసి దించుతాను.’’

మా జీపు తిరిగేది ఈ రోడ్డు మీదే. మిరియాల బస్తాలు, ఇంట్లో ముసలివాళ్ళు, శీతాకాలం తెల్లవారుజామున తాజంగి దాకా వెళ్ళే చుట్టాలు. వంద వేగం మాకెక్కడ కావాలి? చుట్టూ యాభై కిలోమీటర్లలో విప్పి బిగించగల చేతులున్న ఇంజినే మాకు మంచి ఇంజిన్. జాతీయ రహదారి మీద రోజూ తిరిగేవాళ్ళయితే నేను ప్యుజోకే ఓటు వేస్తాను. బొలేరోల పుణ్యమా అని ఎక్స్‌డీ3పీ సామాను పట్నాల్లో దొరుకుతూనే ఉంది.

మళ్ళీ ఆటోనగర్. ఈసారి వేరే షెడ్డు, ఆరున్నరకే వెళ్ళి నిలబడ్డాం. మేనిఫోల్డ్ మంచులా ఉంది. స్టార్ట్ చేస్తే కాసేపు తెల్లపొగ, తర్వాత శుభ్రం. స్క్రాప్ అయిన కమాండర్‌లోంచి తీసిన డీఐ, ఆ బండి ఆర్సీ రద్దయిన కాగితం, బిల్లు మీద ఇంజిన్ నంబరు, మూడూ చేతిలో పెట్టారు. ₹65,000 అడిగి ₹52,000కి తెగ్గొట్టారు. ఆ షెడ్డు పెద్దాయన ‘‘బాబూ, ముందువైపు స్ప్రింగులకి ఒక ఆకు ఎక్కించు, ఈ ఇనుము బరువు’’ అని పిలిచి మరీ చెప్పారు.

పాత మౌంటింగులే సరిపోతాయన్న మా మేస్త్రిగారి ఊహ నిజమైంది. పాత ఇంజిన్ వంశమే కాబట్టి మౌంటింగులు పెద్దగా కోయక్కర్లేకపోయింది. తాతయ్య నాటి పని పుణ్యాన డీజిల్ ట్యాంకుకి రిటర్న్ పైపు, 12 వోల్టుల వైరింగు ముందే ఉన్నాయి. పెట్రోల్ బండి మార్చేవాళ్ళు ఈ రెంటికీ డబ్బు పక్కన పెట్టుకోవాలి. ఇంకో చిన్న సంగతి. పాత జీపు వైపర్లు ఇంజిన్ పీల్చే గాలితో ఆడేవి. డీజిల్‌లో ఆ పీల్పు ఉండదు. తాతయ్య నలభై ఏళ్ళు వానలో కిటికీలోంచి చేయి పెట్టి అద్దం తుడుచుకున్నారు. మేం ఈసారి కరెంటు మోటారు వైపర్ పెట్టించాం. నాయనమ్మ జీపు ఎక్కి మొదట అడిగింది దాని గురించే. స్విచ్చి తనే వేసి, ఆకాశంలో మబ్బు లేకపోయినా, లంబసింగి దాకా ఆపలేదు.